"ఆటలాడి వీడేం బాగుపడతాడు సార్?" – ఐ.ఎం. విజయన్ జీవితం ఇచ్చే జవాబు

బడిలో బంతాట బాగా ఆడే పిల్లవాడి తల్లిదండ్రులు ఉపాధ్యాయులమైన మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. దీన్ని మేము తేలిగ్గా తీసుకోము. ఆ ప్రశ్నలో భయం ఉంది, ఆ భయానికి కారణమూ ఉంది. ఫుట్‌బాల్ ఆటగాడు 17, 18 ఏళ్లకు పెద్ద జట్టులోకి వస్తే, 35 దాటేసరికి మోకాళ్లు మొరాయిస్తాయి. అదే వయసులో ఒక గుమాస్తాకో ఉపాధ్యాయుడికో సర్వీసు సగం కూడా పూర్తి కాదు. ఆటగాడు మైదానం వదిలే నాటికి అతని పిల్లలు ఇంకా చిన్న తరగతుల్లోనే ఉంటారు. అప్పటికి ముందున్న మరో 30, 40 ఏళ్ల బతుకు మాటేమిటి?

దీనికి ఉపన్యాసంతో జవాబు చెప్పడం కన్నా ఒక మనిషిని చూపించడం మేలని మా అభిప్రాయం. ఆ మనిషి కేరళకు చెందిన ఐ.ఎం. విజయన్. భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించిన ఆటగాడు. ఆ తర్వాత సినిమా నటుడు. ఆ తర్వాత పిల్లలకు ఆట నేర్పే పెద్దమనిషి. 2025లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. పేదపిల్లల చదువుకు, ఎదుగుదలకు చేయూతనిచ్చే దాతలు ఈ జీవితాన్ని కాస్త నిదానంగా చదవాలని కోరుతున్నాము. ఎందుకంటే ఇందులో ఆయన గొప్పతనం ఎంత ఉందో, ఆయనకు సమయానికి అందిన చేతుల పాత్ర కూడా అంతే ఉంది.

సోడా సీసాల నుంచి

విజయన్ 1969 ఏప్రిల్ 25న త్రిస్సూర్‌లో పుట్టారు. ఇల్లు పేదది. ఆ ఊళ్లో మున్సిపల్ స్టేడియం ఉంది. పెద్ద పోటీలు జరిగినప్పుడు ఆ స్టేడియంలో జనం మధ్య తిరుగుతూ సోడాలు అమ్మడం ఆ పిల్లవాడి పని. సీసాకు 10 పైసలు గిట్టేవి. టికెట్ కొనే స్తోమత లేని పిల్లవాడికి ఆ పని మ్యాచ్ చూసే దారి కూడా అయింది.

అలాంటి పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అందరూ విజయన్‌లు కారు. తేడా ఎక్కడ వచ్చింది? టి.కె. చాతుణ్ణి అనే కోచ్ ఆయనలోని ఆటను గుర్తించారు, తన శిక్షణలోకి తీసుకున్నారు. చాతుణ్ణి తర్వాతి కాలంలో దేశంలోని పెద్ద క్లబ్బులకు కోచ్‌గా పనిచేశారు. ఒక నిపుణుడి దృష్టి ఒక పేదపిల్లవాడి మీద పడడం, అతన్ని క్రమం తప్పని శిక్షణలోకి తేవడం, ఇది మొదటి మెట్టు.

రెండో మెట్టు ఉద్యోగం. కేరళ పోలీసు శాఖ అప్పట్లో గట్టి ఫుట్‌బాల్ జట్టును తయారుచేస్తోంది. అప్పటి ఉన్నతాధికారి ఎం.కె. జోసెఫ్ చొరవతో విజయన్ 17, 18 ఏళ్ల వయసులోనే ఆ జట్టులోకి వచ్చారు. ఆటగాణ్ణి క్రీడాకోటాలో ఉద్యోగంలోకి తీసుకుంటారు. అతను శాఖ తరఫున ఆడతాడు, నెల జీతం ఇంటికి వస్తుంది. ఆట మానేసిన తర్వాత అతను ఆ శాఖలోనే మామూలు ఉద్యోగిగా కొనసాగవచ్చు. పోలీసు, రైల్వే, బ్యాంకులు, విద్యుత్ బోర్డుల జట్లన్నీ ఈ పద్ధతి మీదే నడిచాయి.

ఈ పద్ధతి మన హైదరాబాద్‌కు కొత్తది కాదు. కేరళ పోలీసు జట్టుకు ముందే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు దేశమంతా పేరు తెచ్చుకుంది. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన 'మైదాన్' హిందీ చిత్రం ఆయన కథే. రహీమ్ సాహెబ్ ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. రేపటి తిండి గురించి దిగులు లేనివాడే ఈ రోజు ఆట మీద మనసు పెట్టగలడు. ఈ చిన్న సంగతే ఆనాటి హైదరాబాద్‌కూ ఆ తర్వాతి కేరళకూ పనికొచ్చింది.

1990లో ఫెడరేషన్ కప్ పోటీలు త్రిస్సూర్‌లో జరిగాయి. కేరళ పోలీసు జట్టు కప్పు గెలిచింది. ఒకప్పుడు సోడాలు అమ్మిన ఊళ్లోనే విజయన్ విజేతల జట్టులో నిలబడ్డారు.

మైదానంలో

ఆ తర్వాతి పదిహేనేళ్ల కథ ఆటాభిమానులకు తెలిసిందే, క్లుప్తంగా చెబుతాము. 1991లో ఆయన కోల్‌కతా మోహన్ బగాన్‌కు వెళ్లారు. ఆయన పరుగు చూసి బెంగాలీలు 'కాలో హరిణ్' అన్నారు, అంటే నల్లజింక. పంజాబ్‌లోని ఫగ్వాడాకు చెందిన జె.సి.టి. మిల్స్ జట్టు 1996–97లో తొలి జాతీయ ఫుట్‌బాల్ లీగ్ గెలిచినప్పుడు విజయన్, భైచుంగ్ భూటియా ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. దేశపు ఉత్తమ ఆటగాడి పురస్కారం ఆయనకు 3 సార్లు వచ్చింది. 1999 దక్షిణాసియా క్రీడల్లో భూటాన్ మీద ఆట మొదలైన 12 సెకన్లకే గోల్ కొట్టారు. సోడా మూత తీసి గ్లాసులో పోసేంత సేపు కూడా కాదు.

ఆయన అంతర్జాతీయ ఆట చివరి ఘట్టం మన హైదరాబాద్‌లోనే జరిగింది. 2003లో ఇక్కడ ఆఫ్రో–ఆసియా క్రీడలు జరిగాయి. భారత ఫుట్‌బాల్ జట్టు ఫైనల్ చేరింది, ఉజ్బెకిస్తాన్ చేతిలో ఓడి రజతం తెచ్చుకుంది. అప్పటికి 34 ఏళ్ల విజయన్ 4 గోల్స్‌తో ఆ పోటీల్లో అత్యధిక గోల్స్ చేసినవారి సరసన నిలిచారు. ఆ తర్వాత దేశం తరఫున ఆడడం విరమించుకున్నారు. అర్జున పురస్కారం అందుకున్నదీ ఆ ఏడాదే. క్లబ్బుల తరఫున మాత్రం 2006 దాకా ఆడారు.

ఇక్కడ దాతలు ఒక విషయం గమనించాలి. ఆయన ఆడిన పెద్ద క్లబ్బుల్లో కొన్ని ఈ రోజు లేవు. ఎన్నో ఆశలతో 1997లో మొదలైన ఎఫ్.సి. కొచ్చిన్ కొన్నేళ్లకే మూతపడింది. జె.సి.టి. యాజమాన్యం 2011లో తన జట్టును రద్దు చేసింది. క్లబ్బు ఎక్కువ డబ్బు ఇవ్వగలదు, కానీ క్లబ్బు ఆయుష్షు ఆటగాడి ఆయుష్షు కన్నా తక్కువ కావచ్చు. మూతపడిన క్లబ్బు పాత ఆటగాడికి పింఛను ఇవ్వదు. అందుకే రెండో బతుకు గురించి ఆడుతున్న రోజుల్లోనే ఆలోచించాలి.

కెమెరా ముందు

ఫుట్‌బాల్ ఆటగాళ్లు సినిమాల్లోకి రావడం ప్రపంచంలో కొత్త కాదు. 1981లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలో పెలే నటించారు. మాంచెస్టర్ యునైటెడ్ నుంచి 1997లో తప్పుకున్న ఫ్రెంచి ఆటగాడు ఎరిక్ కాంటోనా మరుసటి ఏడాదే 'ఎలిజబెత్' చిత్రంలో కనిపించారు. తర్వాత ఇసుక మీద ఆడే బీచ్ సాకర్‌లో ఫ్రాన్స్ జట్టుకు కోచ్ అయి, 2005లో ప్రపంచకప్ గెలిపించారు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఇళ్లు కట్టేచోట ఇటుకలు మోసిన విన్నీ జోన్స్ మొదట ఫుట్‌బాల్ ఆటగాడై, తర్వాత నటుడై అందులోనే స్థిరపడ్డారు.

విజయన్ దారి కొంచెం వేరు. ఆట మానేశాక ఆయన సినిమా వెతుక్కోలేదు. ఆడుతున్న రోజుల్లోనే సినిమా ఆయన దగ్గరికి వచ్చింది. ముందుగా ఆయన జీవితం మీద 1998లో 'కాలో హరిణ్' అనే పేరుతోనే ఒక డాక్యుమెంటరీ వచ్చింది. తర్వాత మలయాళ దర్శకుడు జయరాజ్ తన నవరస చిత్రాల వరసలో తీసిన 'శాంతం'లో ఆయనకు ప్రధాన పాత్ర ఇచ్చారు. రాజకీయ కక్షల్లో సొంత స్నేహితుణ్ణే చంపిన యువకుడి వేదన, కొడుకుల కోసం కుమిలే తల్లుల దుఃఖం ఆ చిత్ర కథ. విజయన్ పక్కన సీమా బిశ్వాస్, కె.పి.ఎ.సి. లలిత వంటి ఆరితేరిన నటులు ఉన్నారు. 2000 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం 'శాంతం'కు వచ్చింది. లలితకు సహాయ నటిగా జాతీయ పురస్కారం దక్కింది. నటనలో తొలి అడుగు వేసిన ఆటగాడికి ఇంతకన్నా మంచి బడి దొరకదు.

ఆటగాడు నటుడు ఎలా కాగలడు? ఇందులో మంత్రం ఏమీ లేదు, కొన్ని అలవాట్లు ఒకచోటి నుంచి మరోచోటికి వెంట వస్తాయి. మొదటిది, చెప్పించుకోవడం. పదివేల మంది చూస్తుండగా కోచ్ గద్దిస్తే తలవంచి విని, తప్పు సరిచేసుకోవడం ఆటగాడికి చిన్నప్పటి నుంచీ అలవాటు. షూటింగులో దర్శకుడు "మళ్లీ చెయ్యి" అన్నప్పుడు అతనికి చిన్నతనంగా అనిపించదు. రెండోది, చేసిందే చేయడం. ఒకే పాస్‌ను రోజుకు వందసార్లు సాధన చేసినవాడు ఒకే షాట్‌ను పదిసార్లు చేయడానికి విసుక్కోడు. మూడోది, చోటు తెలియడం. మైదానంలో తన చుట్టూ ఎవరెక్కడ ఉన్నారో చూడకుండానే తెలుసుకోవడం ఆటగాడి విద్య. కెమెరా ముందు ఎక్కడ ఆగాలో, ఎదుటివాడి కదలికకు ఎప్పుడు బదులివ్వాలో తెలియడమూ ఆ విద్యలాంటిదే. పోరాట దృశ్యాల్లో ఇది మరీ అవసరం. క్షణం తేడా వస్తే దెబ్బ నిజంగానే తగులుతుంది. నాలుగోది, ఎదురుచూపు. బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం కాచుకోవడం తెలిసినవాడికి షూటింగులో గంటల కొద్దీ కూర్చోవడం కష్టం కాదు.

రానివీ ఉన్నాయి. సంభాషణ చెప్పడం, ముఖంలో చిన్న భావాన్ని నిలపడం, ఇంకొకరి భాషలో నటించడం, ఇవన్నీ కొత్తగా నేర్చుకోవలసిందే. విజయన్ మలయాళం దాటి తమిళంలోకి వెళ్లారు. 2006లో విశాల్ కథానాయకుడిగా వచ్చిన 'తిమిరు'లో ప్రతినాయకుడి పక్షాన కనిపించారు. ఈ చిత్రాన్ని తెలుగువారు 'పొగరు' పేరుతో చూశారు. 2015లో కార్తి చిత్రం 'కొంబన్'లో నటించారు. 2019లో అట్లీ దర్శకత్వంలో విజయ్ నటించిన 'బిగిల్' తెలుగులో 'విజిల్'గా వచ్చింది. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా మారిన ఒక యువకుడి కథ అది. అందులోనూ విజయన్ ఉన్నారు. మన పిల్లల్లో చాలామంది ఆయన్ని తెరమీద రౌడీగా చూశారే తప్ప, ఆయన ఎవరో తెలియక చూశారు.

నల్లని ఒళ్లు, బలమైన కండ ఉన్న మనిషికి మన సినిమాలు సాధారణంగా ఇచ్చే వేషం దుష్టుడిదే. విజయన్‌కూ అవే ఎక్కువగా వచ్చాయి. ఆయన వాటిని కాదనకుండా చేశారు. అక్కడే ఆగిపోలేదు కూడా. విజీష్ మణి దర్శకత్వంలో కురుంబ గిరిజన భాషలో వచ్చిన ఒక చిత్రంలో అడవిలో తేనె సేకరించి బతికే మనిషి పాత్ర చేశారు. వాతావరణం మారి తేనె తగ్గిపోతే ఆ కుటుంబం ఏమవుతుందన్నది ఆ కథ. బతుకుతెరువు ఇచ్చే అడవి ఖాళీ అయినప్పుడు మనిషి పడే యాతనను, పేదరికం ఎరిగిన ఆ ముఖం చూపించగలిగింది.

పిల్లల మధ్య

సినిమా వచ్చినా విజయన్ బంతిని వదల్లేదు. త్రిస్సూర్‌లో పిల్లల కోసం ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రం నడిపారు. పోలీసు శాఖ ఆయన్ని మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంది. 2021లో మలప్పురంలో మొదలైన కేరళ పోలీస్ ఫుట్‌బాల్ అకాడమీకి ఆయన డైరెక్టర్ అయ్యారు. 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సాంకేతిక సంఘానికి అధ్యక్షులయ్యారు. జాతీయ జట్లకు కోచ్‌ల ఎంపిక వంటి విషయాల్లో సమాఖ్యకు సలహా ఇచ్చే సంఘం అది. 2025 ఏప్రిల్‌లో పోలీసు సర్వీసు నుంచి పదవీ విరమణ చేశారు. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఏ శాఖ చేయి పట్టుకుందో, పెద్దవాడయ్యాక ఆ శాఖ పిల్లలకే తన చేయి అందించారు.

మలప్పురాన్ని ఎంచుకోవడంలో అర్థం ఉంది. జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే సెవెన్స్ ఫుట్‌బాల్‌కు ఆ జిల్లా పుట్టినిల్లు లాంటిది. అక్కడి మలబార్ స్పెషల్ పోలీస్ దళానికి సొంత హయ్యర్ సెకండరీ పాఠశాల ఉంది. 2012లో ఆ పాఠశాల జట్టు దేశంలోని బడుల మధ్య జరిగే సుబ్రతో కప్ ఫైనల్ దాకా వెళ్లింది. బడి, మైదానం, ఉద్యోగం ఒకే ఆవరణలో ఉంటే పిల్లవాడు దేన్నో ఒకదాన్ని వదులుకోవలసిన అవసరం ఉండదు.

ఆట బాగా వచ్చినవాడికి నేర్పడం దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. మా వృత్తిలో కూడా లెక్కలు బాగా వచ్చినవారందరూ లెక్కలు బాగా చెప్పలేరు. గొప్ప ఆటగాడి కాలు తనకు తెలియకుండానే పనిచేస్తుంది. ఆ పని ఎలా జరిగిందో అడిగితే అతను చెప్పలేకపోవచ్చు. కోచ్ దాన్ని ముక్కలుగా విడదీయాలి. బంతి దగ్గరికి వచ్చే ముందే తల ఎత్తి చూడడం, నిలబడిన కాలును ఎక్కడ ఆనించాలో తెలియడం, పాదంలో ఏ భాగంతో తాకాలో ఎంచుకోవడం, ఇలా ఒక్కొక్కటిగా చెప్పాలి. పదేళ్ల పిల్లవాడికి ఒకలా, పదహారేళ్ల కుర్రవాడికి మరోలా చెప్పాలి. ఎదిగే ఎముకల మీద ఎంత భారం వేయాలో తెలిసి ఉండాలి.

అందుకే నేడు ఫుట్‌బాల్ కోచ్‌లకు లైసెన్సులు ఉన్నాయి. మొదట డి, తర్వాత సి, బి, ఎ, అన్నిటికన్నా పైన ప్రో. మేము బి.ఇడి. చదివి పాఠ్యపథకం రాయడం నేర్చుకున్నట్టే, వారు శిక్షణ పథకం రాయడం, పిల్లల వయసును బట్టి ఆటను మలచడం నేర్చుకుంటారు. ఆడే రోజులు తగ్గుతున్నప్పుడే ఈ మెట్లు ఎక్కడం మొదలుపెట్టిన ఆటగాడికి 35 ఏళ్ల వయసు గోడలా అడ్డం రాదు.

లైసెన్సు ఇవ్వలేనిది ఒకటి విజయన్ వంటివారి దగ్గర ఉంటుంది. అర్ధాకలితో మైదానానికి వచ్చిన పిల్లవాణ్ణి వారు గుర్తుపట్టగలరు. "నేనూ ఇక్కడి నుంచే వచ్చాను" అని వారు అనగలరు, పిల్లవాడు నమ్మగలడు.

అందరికీ ఇలా జరగదు

ఇంతవరకు చదివి, ప్రతిభ ఉంటే దారి అదే దొరుకుతుంది అనుకుంటే మేము సగమే చెప్పినట్టు. విజయన్‌తో పాటు కేరళ పోలీసు జట్టులో ఆడిన వి.పి. సత్యన్ పేరు కూడా ఇక్కడ చెప్పాలి. రక్షణ పంక్తిలో కొండలా నిలబడే ఆటగాడు. భారత జట్టు నాయకుడు. 1995లో మద్రాసులో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో భారత్ స్వర్ణం గెలిచినప్పుడు జట్టును నడిపించింది ఆయనే. తర్వాత చెన్నైలో బ్యాంకు ఉద్యోగం చేశారు, కోచ్‌గానూ పనిచేశారు. గాయాలు ఆయన్ని వదల్లేదు, మనసులో దిగులు పేరుకుంది. 2006 జూలైలో ఆయన తన జీవితాన్ని తానే ముగించుకున్నారు. అప్పటికి వయసు 41. 2018లో మలయాళంలో వచ్చిన 'క్యాప్టెన్' చిత్రం ఆయన గురించే.

ఇద్దరిదీ ఒకే జట్టు, ఒకే తరం. ఇద్దరికీ ఉద్యోగం ఉంది, పేరుంది. అయినా ఒకరికి రెండో జీవితం దొరికింది, ఒకరికి దొరకలేదు. దీనికి ఫలానాదే కారణమని తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలము. ఉద్యోగం కడుపు నింపుతుంది. చప్పట్లు ఆగిపోయిన తర్వాత వచ్చే ఖాళీని నింపేది వేరే. తాను ఇంకా ఎవరికో పనికొస్తున్నానన్న భావం, బాధ చెప్పుకోవడానికి ఒక మనిషి, గాయాలకు ఓపికగా చికిత్స, ఈ మూడూ ఆటగాడికి మైదానం వదిలాక కూడా కావాలి. ముఖ్యంగా ఆడిన రోజుల్లో "ధైర్యంగా ఉండు, ఏడవకు" అని నేర్పిన మనం, బాధ కలిగితే చెప్పుకోవచ్చని కూడా నేర్పాలి.

చేయూత ఎక్కడ అవసరం

ఆటలో ప్రతిభ ఉన్న పేదపిల్లవాడికి సహాయం అనగానే మనకు గుర్తొచ్చేవి బూట్లు, జెర్సీ, బంతి. అవి కావాలి. కానీ మా అనుభవంలో పిల్లలు ఆట మానేయడానికీ, ఆట కోసం బడి మానేయడానికీ కారణాలు వేరేచోట ఉంటాయి.

మొదటిది తిండి. పొద్దున్నే రెండు గంటలు పరుగెత్తిన పిల్లవాడు ఖాళీ కడుపుతో బడికి వస్తే మొదటి పీరియడ్‌లోనే కునుకు తీస్తాడు. ఉపాధ్యాయుడు ఆటను తిడతాడు. తప్పు ఆటది కాదు. రెండు గుడ్లు, అరటిపండు, గ్లాసు పాలు ఉంటే ఆ తగువే ఉండదు.

రెండోది చదువు. క్రీడాకోటా ఉద్యోగానికి కూడా నేడు కనీస విద్యార్హత అడుగుతారు. ఎన్ని పతకాలున్నా పదో తరగతి సర్టిఫికెట్ లేని కుర్రవాడు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. పోటీల కోసం ఊరు వెళ్లి పది రోజులు పాఠాలు పోగొట్టుకున్న పిల్లవాడికి, వచ్చాక ఆ పాఠాలు విడిగా చెప్పే ఏర్పాటు కావాలి. ఇది డబ్బు కన్నా మనుషులు చేయవలసిన సాయం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు ప్రతి పేటలోనూ ఉన్నారు.

మూడోది గాయం. మోకాలి లోపల ఉండే లిగమెంట్ తెగితే శస్త్రచికిత్సతో పని అయిపోదు. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ వ్యాయామాలు చేయాలి, తిరిగి పోటీ ఆడడానికి ఏడాది దాకా పట్టవచ్చు. శస్త్రచికిత్సకు చందాలు పోగవుతాయి. వ్యాయామాలకు వారానికి మూడుసార్లు ఆటోకు డబ్బులుండవు. పిల్లవాడు సగంలో మానేస్తాడు, కాలు సగంలో ఆగిపోతుంది. ఇక్కడ ఇచ్చే కొద్దిపాటి డబ్బు ఒక జీవితాన్ని నిలబెడుతుంది.

నాలుగోది రెండో విద్య. కోచింగ్ లైసెన్సు కావచ్చు, రిఫరీ పరీక్ష కావచ్చు, ఫిజియోథెరపీ కోర్సు కావచ్చు, వ్యాయామ ఉపాధ్యాయుడి శిక్షణ కావచ్చు. విజయన్‌కు సినిమా వచ్చినట్టు అందరికీ రాదు. ఆటను ఆనుకుని ఉన్న ఈ పనులు మాత్రం ఎందరికో అందుబాటులో ఉన్నాయి. 20 ఏళ్ల ఆటగాడితో "35 తర్వాత ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగే పెద్దవారు ఒక్కరుంటే చాలు, అతను ఆలోచించడం మొదలుపెడతాడు.

అమ్మాయిల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. వారు పదమూడు, పద్నాలుగేళ్లకే మైదానానికి దూరమవుతారు. దుస్తులు మార్చుకునే గది, మరుగుదొడ్డి, సాయంత్రం ఇంటికి తోడు, ఒక మహిళా కోచ్ ఉంటే చాలామంది తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పరు. ఆడిన అమ్మాయిల నుంచే రేపటి మహిళా కోచ్‌లు రావాలి.

చాతుణ్ణి గారు త్రిస్సూర్‌లో ఒక కుర్రవాణ్ణి ఎంచుకున్నప్పుడు, ఆ కుర్రవాడు దేశానికి నాయకుడవుతాడనీ, జాతీయ పురస్కారం వచ్చిన చిత్రంలో నటిస్తాడనీ, పిల్లలకు ఆట నేర్పే అకాడమీకి పెద్ద అవుతాడనీ ఎవరికి తెలుసు? ఆయన చూసింది ఒక పిల్లవాడి కాలి దగ్గర బంతి ఎలా ఉందన్నది మాత్రమే. దాతలైన మీరు కూడా ఒక పిల్లవాడి ఫీజు కట్టినప్పుడు, ఫలితం ఏ రూపంలో వస్తుందో ముందుగా తెలియదు. ఒక్కటి మాత్రం కోరుతున్నాము. మీ సాయం కప్పు గెలిచిన రోజుతో ఆగిపోకూడదు. ఆ పిల్లవాడు పదో తరగతి గట్టెక్కేదాకా, గాయం పూర్తిగా మానేదాకా, చేతిలో రెండో పని పడేదాకా సాగాలి. అప్పుడు తల్లిదండ్రులు "వీడేం బాగుపడతాడు సార్?" అని అడిగితే, మా దగ్గర ఇంకా చాలా పేర్లు ఉంటాయి.